2147483647 (సంఖ్య)

2147483647 (రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు) ఒక ప్రధాన సంఖ్య. దీనిని 2³¹ − 1 అని వ్రాయవచ్చు. రెండు యొక్క ఘాతం నుండి ఒకటి తీసివేయగా వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. వాటిలో ఇది ఎనిమిదవది.

ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం ప్రధాన సంఖ్య కానవసరం లేదు. ఉదాహరణకు 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఇటలీకి చెందిన కటాల్డి ఘాతాంకం 23, 29, 31, 37 అయినప్పుడు ప్రధాన సంఖ్యలే వస్తాయని చెప్పాడు. ఈ నాలుగింటిలో నిలిచినది 31 ఒక్కటే.

ఆయిలర్ నిరూపణ

ఈ సంఖ్య ప్రధాన సంఖ్య అని లియొనార్డ్ ఆయిలర్ 1772లో ప్రకటించాడు. అప్పటికి ఆయన దాదాపు పూర్తిగా చూపు కోల్పోయి ఉన్నాడు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తెలియాలంటే దాని వర్గమూలం వరకు గల ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఇక్కడ వర్గమూలం 46340 కంటే కొంచెం ఎక్కువ. అంతవరకు ప్రధాన సంఖ్యలు వేలల్లో ఉన్నాయి. అయితే 2³¹ − 1కు ప్రధాన భాజకం ఏదైనా ఉంటే అది 62తో భాగించినప్పుడు 1 శేషంగా, 8తో భాగించినప్పుడు 1 గాని 7 గాని శేషంగా ఇవ్వాలి. ఈ రెండు నియమాలను కలిపితే భాజకం 248n + 1 లేదా 248n + 63 రూపంలోనే ఉండాలి. 63 స్వయంగా ప్రధాన సంఖ్య కాదు కనుక, వర్గమూలం లోపు పరీక్షించవలసినవి 372 మాత్రమే మిగులుతాయి. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు కానివాటిని వదిలివేయవచ్చు. మిగిలిన ఏ సంఖ్యతోనూ 2147483647 నిశ్శేషంగా భాగింపబడదు.

ఆ తరువాత అనేక దశాబ్దాల పాటు ప్రపంచానికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే.

పరిపూర్ణ సంఖ్య

దీనిని 2³⁰తో గుణిస్తే 2305843008139952128 అనే ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్య వస్తుంది. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను బహుశా ఎవరూ కనుగొనరని, అటువంటివి వింతలే తప్ప ఉపయోగపడేవి కావని పీటర్ బార్లో 1811లో అభిప్రాయపడ్డాడు. 1876లో ఎడువార్డ్ లూకాస్ 39 అంకెల 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని నిరూపించడంతో మొదటి మాట తప్పింది.

కంప్యూటర్లలో

రెండవ మాట తప్పినది కంప్యూటర్ల కాలంలో. 32 బిట్లలో ఒకటి గుర్తుకు పోగా మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. 1970 జనవరి 1 నుండి సెకన్లను ఇలా లెక్కించే వ్యవస్థలలో 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8:44:07 తరువాత లెక్క తప్పుతుంది. ఇందులో ప్రధానత్వానికి పాత్ర ఏమీ లేదు; 16 బిట్లలో ఇదే స్థానంలో ఉన్న 32767 = 7 × 31 × 151.

ప్రధానత్వం నిజంగా అవసరమయ్యేది యాదృచ్ఛిక సంఖ్యల తయారీలో. ఒక సంఖ్యను 16807 (అనగా 7⁵)తో గుణించి, 2147483647తో భాగించి శేషాన్ని తీసుకొంటారు. ఆ శేషంతో మళ్ళీ ఇదే చేస్తారు. ఇలా చేస్తూ పోతే 1 నుండి 2147483646 వరకు ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చిన తరువాతనే మొదటి సంఖ్య తిరిగి వస్తుంది. ఈ పద్ధతిని పార్క్, మిల్లర్ 1988లో కనీస ప్రమాణంగా సూచించారు.