తొంబదితొమ్మిది దాడులు, పదివేల హెచ్చరికలు

బాన్సువాడనుండి పాఠకమహాశయులొకరు ఈ మాసము మాకొక ప్రశ్న పంపిరి. తమ ఖాతానుండి సొమ్ము పోగా సైబరు మోసముల ఫిర్యాదులకైన 1930 నంబరునకు ఫోనుచేసి ఫిర్యాదు వ్రాయించిన పిదప వారికి కలిగిన సందేహమిది: "బ్యాంకులయందును పోలీసువారి యొద్దను బుద్ధిగల యంత్రములున్నవని వినుచున్నాము. అవియే దొంగను కనిపెట్టగలిగినచో, రాత్రింబవళ్లు మనుష్యులు తెరల యెదుట కూర్చుండుట యెందులకు?" ప్రశ్న చిన్నదేగాని దానిలో నొక లెక్క దాగియున్నది, ఆ లెక్కపై నాకుగల మక్కువచేత తక్కిన ప్రాథమిక విషయములను త్వరగా దాటిపోవుచున్నాను. ఎవరు ఏ వేళ ఎచ్చటినుండి లాగిన్ అయిరి, ఎన్నిమారులు పాస్‌వర్డు తప్పిరి, ఏ ఫైలు తెరచిరి అను ప్రతి చర్యను కంప్యూటరు ఒక్కొక్క పంక్తిగా వ్రాసికొనును. ఈ పంక్తులను లాగ్‌లందురు. వానిలో దాడిజాడలను పసికట్టుటయే రక్షకుల పని.

ఇక లెక్క. ఒక సంస్థలో దినమునకు పదిలక్షల చర్యలు జరుగుననియు, అందు నూరు మాత్రమే దాడులనియు ననుకొందము. మన యంత్రము నూరు దాడులలో తొంబదితొమ్మిదింటిని పట్టునంతటి సమర్థమైనది. నిర్దోషమైన చర్యను దాడియని పొరబడుట నూటికొక్కమారు మాత్రమే. ఇంతకంటె నేమి కావలయునని తోచును. కాని నిర్దోషచర్యలు 9,99,900 గదా! అందు నూటికొకటి యనగా 9,999 బూటకపు హెచ్చరికలు, నిజమైనవి 99. యంత్రము నూరుమారులు కేకవేసినచో నందొక్కటియే నిజము. పొరపాటును పదివేలకొకటిగా తగ్గింపగలిగితిమా, అప్పటికిని బూటకములు నూరు, నిజములు తొంబదితొమ్మిది. సగము కేకలు వృథాయే. స్వీడన్ పరిశోధకుడు స్టెఫాన్ ఆక్సెల్‌సన్ 1999లో ఈ సంగతిని గణితముతో నిరూపించెను. యంత్రము ఎన్ని దాడులను పట్టునను ప్రశ్నకంటె ఎన్నిమారులు వృథాగా అరచునను ప్రశ్నయే ప్రధానమని యతని సిద్ధాంతము. ఈనాటికిని యంత్రములమ్మువారి ప్రకటనలలో మొదటి సంఖ్య పెద్ద అక్షరములతో నుండును. రెండవది సాధారణముగ కానరాదు.

ఈ లెక్కను మరచిన ఫలితము 2013లో అమెరికాలో టార్గెట్ అను దుకాణముల సంస్థకు తెలిసివచ్చినది. రక్షణయంత్రము హెచ్చరించినను దానిని పట్టించుకొన్నవారు లేకపోయిరి. సుమారు నాలుగుకోట్ల కార్డుల వివరములు దొంగలపాలయ్యెను.

అంతకుముందు మరియొక పొరపాటు జరిగియున్నది. అలవాటునకు భిన్నమైన ప్రవర్తనను గుర్తించి దాడిని కనిపెట్టవచ్చునని 1987లో డొరొతీ డెనింగ్ అను విదుషి ఒక నమూనాను ప్రకటించెను. నమూనా గొప్పదే, కాని దానిని చేపట్టినవారిలో కొందరు భిన్నమైనదెల్ల దుష్టమేయని భ్రమించిరి. మార్చినెల తుదిదినములలో లెక్కలు ముగింపవలసిన గుమాస్తా అర్ధరాత్రి లాగిన్ అగుట యంత్రమునకు వింత. దొంగిలించిన పాస్‌వర్డుతో పగటివేళ మర్యాదగా ప్రవేశించువాడు మాత్రము దానికి వింతగా తోచడు. అట్లని యంత్రమునకు కావలిగా మనుష్యుని ఊరక కూర్చుండబెట్టుటయు తెలివి గాదు. అరుదుగా వచ్చు సంకేతమునకై కాచుకొనియున్నవాని శ్రద్ధ అరగంటలోనే సన్నగిల్లునని నార్మన్ మాక్‌వర్త్ 1948లోనే ప్రయోగపూర్వకముగ చూపియుండెను.

యంత్రమొక్కటియే చాలదు, కావలివాడొక్కడును చాలడు. ఈ రెంటిని కలుపు ఉపాయమును 2016లో ఎమ్.ఐ.టి.లోని వీరమాచనేని కల్యాణ్‌గారును, ప్యాటర్న్‌ఎక్స్ అను సంస్థకు చెందిన ఇగ్నాసియో అర్నాల్డోయు, వారి సహచరులును పన్నిరి, దానిపేరు ఏఐ-స్క్వేర్. ఇంటిపేరు చూచి మనవారని సంతోషించుట నా బలహీనత. కాని ఉపాయము నిజముగా ముచ్చటైనది. యంత్రము మొదట ఎవరి బోధనయు లేకయే, మూడు వేర్వేరు గణితపద్ధతులతో లాగ్‌లను జల్లెడపట్టి, మిక్కిలి వింతగా నున్న రెండువందల చర్యలను మాత్రము నిపుణుని ముందుంచును. ఇది దాడి, ఇది కాదు, అని ఆయన తీర్పుచెప్పును. ఆ తీర్పులనే పాఠములుగా గైకొని యంత్రము రెండవ నమూనాను నిర్మించుకొని, మరునాడు వింతను పట్టు పాతచూపును, దుష్టత్వమును గుర్తించు క్రొత్తచూపును కలిపి వెదకును. చేటలో బియ్యము చెరుగునపుడు రాళ్లు అంచునకు వచ్చును, వ్రేళ్లు వానిని ఏరివేయును. కాని ఏరిన వ్రేళ్లను చూచి చేట నేర్చుకొనుట లోకములో లేదు, ఇచట నున్నది. నేర్చినకొలది నిపుణుని ముందునకు వచ్చునవి కొలదిదినములలోనే ముప్పది నలువదికి తగ్గవచ్చునని పరిశోధకులు చెప్పిరి. మూడుమాసముల కాలమున పోగైన 360 కోట్ల లాగ్‌పంక్తులపై పరీక్షింపగా ఈ జంట నూటికి ఎనుబదియైదు దాడులను పట్టినది. బూటకపు హెచ్చరికలు ఐదవవంతునకు దిగినవి. రెండవ సంఖ్యయే నాకు ప్రియమైనదని వేరుగ చెప్పనక్కరలేదు.

యంత్రమొక్కటియే చాలదనుటకు ఆ 2016లోనే మరియొక నిదర్శనము దొరికినది. ఆగస్టులో అమెరికా రక్షణశాఖవారి దార్పా సంస్థ లాస్ వేగస్‌లో యంత్రములకు మాత్రమే సైబరురక్షణ పోటీ పెట్టగా మేహెమ్ అనునది గెలిచి ఇరువది లక్షల డాలర్లు సంపాదించెను. పిమ్మట అచ్చటనే మానవుల జట్లతో తలపడి కడపటిదిగా నిలిచెను.

ఇక ప్రయోజనము మాట. సొమ్ము తిరిగివచ్చునా యని అందరును నన్నడుగుచుందురు. నేను పోలీసును గాను. ఒక్కటి మాత్రము చెప్పగలను. తెలంగాణ ప్రభుత్వము 2023లో సైబరు నేరములకై ప్రత్యేకముగ బ్యూరో నెలకొల్పినను, బ్యాంకులు ఎట్టి యంత్రములను కొన్నను, ఖాతాదారుడు తన చేతితోనే ఓటీపీ చెప్పి పంపించిన సొమ్ము లాగ్‌లో సాధారణచర్యగానే కనబడును. అది మోసమని యంత్రమునకు చెప్పగలవాడు మోసపోయినవాడే. ఆయన సిగ్గుపడి మిన్నకున్నచో యంత్రము ఆ దొంగతనమును కూడ న్యాయమైన వ్యవహారముగా నేర్చుకొనును. కావున బాన్సువాడ మిత్రులకును, వారి యిరుగుపొరుగువారికిని మా మనవి: లావాదేవీ నంబరు, వేళ, మొత్తము, అవతలి ఖాతా వివరములు చేతనుంచుకొని, ఎంత స్వల్పమొత్తమైనను, వెంటనే 1930కు ఫిర్యాదు చేయుడు.