ఒక ఆటగాడు తక్కువైన రోజు: ఖరగ్‌పూర్ రైల్వే హాకీ, బేటన్ కప్ వెనుక ఉన్న వ్యవస్థ

ఖరగ్‌పూర్: అది 1946. కలకత్తాలో జరగబోయే బేటన్ కప్ నాకౌట్ హాకీ పోటీకి సన్నాహంగా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) ఎ, బి జట్లు ఖరగ్‌పూర్‌లో సాధన మ్యాచ్‌కు దిగాయి. ఒక జట్టులో ఆటగాడొకరు తక్కువయ్యారు. పక్కన నిలబడి ఆట చూస్తున్న ఒక యువకుడిని డికీ కార్ మైదానంలోకి పిలిచారు. కార్ 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టు సభ్యుడు. పిలుపు అందుకున్న యువకుడికి అప్పటివరకు ఫుట్‌బాల్ మీదే మక్కువ. అతడి పేరు లెస్లీ క్లాడియస్.

రెండేళ్లు తిరగకముందే, 1948లో, లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో బ్రిటన్‌ను 4-0తో ఓడించిన స్వతంత్ర భారత జట్టులో క్లాడియస్ సభ్యుడు. ఆ తరువాత 1952, 1956లలో మరో రెండు స్వర్ణాలు, 1960లో సారథిగా ఒక రజతం ఆయనకు దక్కాయి. ఈ కథను సాధారణంగా అదృష్టానికి ఉదాహరణగా చెబుతారు. అయితే ఆ సాయంత్రం ఒక రైల్వే పట్టణంలో రెండు పూర్తి స్థాయి జట్లు, ఒక ఒలింపియన్, ఒక మైదానం సిద్ధంగా ఉండటం మాత్రం అదృష్టం కాదు. వాటిని అక్కడికి చేర్చినది రైల్వే ఉద్యోగం.

నాకౌట్ పోటీ స్వభావం

లీగ్ పోటీలో ఒక ఓటమిని తరువాతి గెలుపుతో సరిదిద్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ అవకాశం లేదు. ఓడిన జట్టు ఇంటికి వెళుతుంది. 16 జట్లు బరిలో ఉంటే నాలుగు దశల్లో 15 మ్యాచ్‌లు జరుగుతాయి. ప్రతి మ్యాచ్ ఒక జట్టును తొలగిస్తుంది, చివరికి ఒక్కటే మిగులుతుంది. అందువల్ల చిన్న ఊరి జట్టు మహానగర జట్టును ఏడాది పొడవునా ఓడించనవసరం లేదు. ఒక్క రోజు ఓడిస్తే చాలు.

1933 బేటన్ కప్ ఫైనల్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. స్థానిక దిగ్గజం కలకత్తా కస్టమ్స్‌పై ఝాన్సీ హీరోస్ 1-0తో గెలిచింది. ఆ జట్టుకు ఆడిన ధ్యాన్‌చంద్, మూడు ఒలింపిక్ స్వర్ణాలు సాధించిన తరువాత కూడా, తన జీవితంలో అత్యుత్తమ మ్యాచ్‌గా దానినే పేర్కొన్నారు.

బేటన్ కప్ 1895లో ప్రారంభమైంది. ప్రపంచంలోని అతి పురాతన హాకీ పోటీలలో ఇది ఒకటి. మంచు మీద ఆడే ఐస్ హాకీలో అత్యంత ప్రతిష్ఠాత్మకమైన స్టాన్లీ కప్‌ను తొలిసారి బహూకరించినది 1893లో. అంటే కెనడాలో ఒక హాకీ, కలకత్తాలో మరొక హాకీ దాదాపు ఒకే కాలంలో క్లబ్బుల కప్పు పోటీలుగా రూపుదిద్దుకున్నాయి.

జీతమే జట్టుకు పునాది

కప్పును నిర్వహించడం ఒక ఎత్తు. దానికి ఏటా బలమైన జట్లను పంపడం మరొక ఎత్తు. వలస పాలన కాలంలో ఆ బాధ్యతలో అధిక భాగాన్ని కస్టమ్స్, పోర్ట్ కమిషనర్స్, రైల్వే వంటి సంస్థలు మోశాయి. ఆటగాడికి ఆట కోసం వేరుగా జీతం ఉండేది కాదు. ఉద్యోగం ఉండేది. సాధనకు సమయం, ప్రయాణానికి వీలు, ఆట మానేసిన తరువాత కూడా కొనసాగే ఆదాయం ఆ ఉద్యోగం నుంచే వచ్చేవి. 1887లో ఏర్పడిన బీఎన్‌ఆర్‌కు ఖరగ్‌పూర్ ప్రధాన కూడలి. విశాలమైన వర్క్‌షాపు, లోకో షెడ్, కాలనీలు ఇక్కడ వెలిశాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్లో జర్మనీని 8-1తో ఓడించిన భారత జట్టు సభ్యుడు జోసెఫ్ గాలిబర్డీ కూడా బీఎన్‌ఆర్ ఉద్యోగే. 1930, 1940 దశకాల్లో బీఎన్‌ఆర్ బేటన్ కప్‌ను పలుమార్లు గెలుచుకుంది.

ఐరోపాలోనూ ఇదే సూత్రం మరో రూపంలో పనిచేసింది. 1965 నుంచి 1997 వరకు జరిగిన ఐస్ హాకీ యూరోపియన్ కప్ వివిధ దేశాల విజేత క్లబ్బుల మధ్య పోటీ. తొలి మూడు సీజన్లలో చెకోస్లోవేకియాకు చెందిన జెడ్‌కేఎల్ బ్రనో గెలిచింది. తరువాత సోవియట్ సైన్యానికి చెందిన సీఎస్‌కేఏ మాస్కో ఆధిపత్యం సాగింది. ఆ జట్టు మొత్తం 20 సార్లు విజేతగా నిలిచింది. అందులో 1978 నుంచి 1990 వరకు వరుసగా 13 విజయాలు ఉన్నాయి. సీఎస్‌కేఏ ఆటగాళ్లు కాగితం మీద సైనికులు, బీఎన్‌ఆర్ ఆటగాళ్లు రైల్వే ఉద్యోగులు. రెండు చోట్లా క్లబ్బు వెనుక నిలబడినది టికెట్ల రాబడి కాదు, ఒక పెద్ద సంస్థ జీతాల పట్టిక.

గీతకు అవతల తెలుగువారు

ఆ జీతాల పట్టికలో అందరికీ ఒకే స్థానం లేదు. తూర్పు తీరం వెంబడి కటక్ మీదుగా వాల్తేరు వరకు బీఎన్‌ఆర్ మార్గం విస్తరించడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ చేరాయి. వర్క్‌షాపుల్లో, షెడ్లలో, పట్టాల మరమ్మతు ముఠాల్లో వారు పనిచేశారు. డ్రైవర్లు, గార్డులు, ఇన్‌స్పెక్టర్ల వంటి మెరుగైన జీతం గల ఉద్యోగాల్లో నాటి రైల్వే కంపెనీలు యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ప్రాధాన్యం ఇచ్చాయి. రైల్వే పట్టణాల్లో క్లబ్బులు కూడా వారికి వేరు, భారతీయులకు వేరు. హాకీ ఆ క్లబ్బుల చుట్టూ, రైల్వే పాఠశాలల చుట్టూ పెరిగిన ఆట. అందుకే నాటి రైల్వే జట్లలో ఆంగ్లో ఇండియన్ల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి.

ఖరగ్‌పూర్ చరిత్రలో తెలుగువారి పేరు గట్టిగా వినిపించినది ఆటలో కాదు, కార్మికోద్యమంలో. 1927లో ఇక్కడి బీఎన్‌ఆర్ కార్మికులు సమ్మెకు దిగారు. వారి సంఘానికి నాయకత్వం వహించిన వారిలో వరాహగిరి వెంకటగిరి ముఖ్యులు. అనంతర కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఒకే సంస్థ ఒకవైపు ఒలింపిక్ విజేతలను, మరోవైపు సమ్మె చేయక తప్పని కార్మికులను తయారుచేసింది. ఈ రెండు కథలనూ కలిపి చదివినప్పుడే ఈ పట్టణం పూర్తిగా అర్థమవుతుంది.

వలసతో మారిన చిత్రం

1944లో ప్రభుత్వం బీఎన్‌ఆర్‌ను స్వాధీనం చేసుకుంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు పెద్ద సంఖ్యలో బ్రిటన్, ఆస్ట్రేలియాలకు తరలివెళ్లాయి. వారితో పాటు ఆట కూడా వెళ్లింది. జబల్‌పూర్ నుంచి వెళ్లిన పియర్స్ సోదరులు ఐదుగురూ ఆస్ట్రేలియా తరఫున ఆడారు. గాలిబర్డీ కూడా ఇంగ్లండ్‌లో స్థిరపడి, 2011లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. క్లాడియస్ మాత్రం కలకత్తాలోనే ఉండిపోయారు. 2012 లండన్ ఒలింపిక్స్ సందర్భంగా రూపొందించిన ప్రత్యేక పటంలో అక్కడి ఒక స్టేషన్‌కు ఆయన పేరు పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో ఆయన మరణించారు.

ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం, ఆట కలిసి సాగిన సంప్రదాయం తరువాత కూడా మిగిలింది. 2001 నుంచి కొన్నేళ్లు ఇక్కడ టికెట్ తనిఖీ ఉద్యోగిగా పనిచేసి రైల్వే తరఫున క్రికెట్ ఆడిన మహేంద్రసింగ్ ధోనీ అందుకు నిదర్శనం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడం, శతాబ్దం క్రితం పట్టాల వెంట వచ్చిన తెలుగువారి ఉనికికి ఆలస్యంగా లభించిన గుర్తింపు.

మిగిలిన ప్రశ్న

ఇప్పుడు క్లబ్ హాకీకి కొత్త రూపం వచ్చింది. 2024 డిసెంబరులో పునఃప్రారంభమైన హాకీ ఇండియా లీగ్‌లో ఫ్రాంచైజీలు వేలంలో ఆటగాళ్లను తీసుకున్నాయి. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన పురుషుల ఫైనల్లో బెంగాల్ టైగర్స్ 4-3తో హైదరాబాద్ తూఫాన్స్‌ను ఓడించింది. వేలం ఆటగాడికి ఒక సీజన్‌కు మంచి మొత్తం ఇస్తుంది. పాత సంస్థల జట్లు తక్కువ ఇచ్చినా, జీవితకాలం ఇచ్చేవి.

అయితే వేలం ఇప్పటికే వెలుగులోకి వచ్చిన ఆటగాడినే చూస్తుంది. 1946లో ఖరగ్‌పూర్ మైదానం పక్కన నిలబడిన యువకుడు ఏ జాబితాలోనూ లేడు. అతడిని పిలవడానికి ఊరిలో ఒక జట్టు, దాన్ని నడిపించే ఒక ఒలింపియన్, నెల తిరిగేసరికి వారందరికీ అందే జీతం ఉన్నాయి. నాటి వ్యవస్థ కొందరికే తలుపు తెరిచింది. ఆ తలుపును అందరికీ తెరుస్తూనే, మైదానం పక్కన నిలబడిన వారిని లోపలికి పిలిచే ఏర్పాటును చిన్న పట్టణాల్లో నిలబెట్టగలమా అన్నదే భారత హాకీ ముందున్న ప్రశ్న.