తాతగారి తుపాకుల్లో ఏది ఉంచుకోవాలి?

వేట పోయింది. అడవి దూరమైంది. బీరువాలో రైఫిలు మాత్రం మిగిలింది. ఉంచుకోవాలా? ఇచ్చెయ్యాలా? ఉంచుకుంటే ఏది ఉంచుకోవాలి? డెల్టా గడ్డమీద ఈ ప్రశ్నకు జవాబు తుపాకీ బలంలో దొరకదు. ఇంకెక్కడ దొరుకుతుందో చూడండి మరి!

భీమవరం పక్కనే ఓ పల్లె. పాతకాలపు మండువా లోగిలి. తాతగారికి డెబ్భై దాటాయి. ఆయన లైసెన్సు మీద రెండు బోల్టు రైఫిళ్లున్నాయి. ఒకటి ఇషాపూర్‌ ఫ్యాక్టరీలో తయారైన .315. రెండోది ఎప్పుడో విదేశాల నుంచి వచ్చిన .30-06 వించెస్టర్‌. కొడుక్కి ఇప్పటికే సొంత లైసెన్సు మీద జంటగొట్టాల పన్నెండు బోరు తుపాకీ ఉంది. రైఫిళ్లు కూడా ఇక వాడి పేరనే ఉండాలని తాతగారి ముచ్చట.

‘‘వించెస్టర్‌ తీసుకుంటానండి నాన్నగారూ, బలమైంది’’ అంటాడు కొడుకు.

‘‘నలభై ఏళ్లు నమ్మకంగా ఉన్నదాన్ని ఎలా వదిలేస్తాంరా?’’ అంటారు తాతగారు .315 మీద చెయ్యేసి.

కోడలు కాఫీ గ్లాసులు పెడుతూ ‘‘అసలు మనకి ఇవన్నీ ఎందుకండీ మావయ్యగారూ?’’ అంటుంది.

ఇలాంటి ఇల్లు ఒకటి ఉందనుకోండి. ముగ్గురిలో ఎవరి మాట సరైంది?

రెండే... మూడోది కుదరదు!

ముందు చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఒకప్పుడు ఒక్కొక్కరి దగ్గర మూడు తుపాకులదాకా ఉండొచ్చు. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ దాన్ని రెండుకి తగ్గించింది. అప్పటికే మూడున్నవాళ్లు అదనపు ఆయుధాన్ని ఏడాదిలోగా పోలీస్‌స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాల్సి వచ్చింది. అదే సవరణ లైసెన్సు గడువును మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది.

2016 ఆయుధాల నియమాల్లో ఇంకో వెసులుబాటు ఉంది. లైసెన్సుదారు చనిపోయాకే కాదు, బతికుండగానే వారసుడికి ఆయుధం ఇవ్వొచ్చు. ఆయనకు డెబ్భై ఏళ్లు నిండాలి, లేదా ఆ ఆయుధం పాతికేళ్లుగా ఆయన దగ్గర ఉండి ఉండాలి. అయితే ‘ఇదిగోరా అబ్బాయ్‌, తీసుకో’ అంటే సరిపోదు. వారసుడు దరఖాస్తు చేసుకోవాలి, పోలీసుల విచారణ జరగాలి, తుపాకీని భద్రంగా వాడటం నేర్చుకున్నట్టు ధ్రువపత్రం చూపాలి. ఒకప్పుడు ఇలాంటి పనులకు ఏలూరు కలెక్టరాఫీసుకి వెళ్లేవారు. 2022 ఏప్రిల్‌ 4న జిల్లాల పునర్విభజన జరిగి పశ్చిమ గోదావరికి భీమవరమే కేంద్రమయ్యాక ఆ ప్రయాణం తప్పింది.

మన కథలో కొడుక్కి పన్నెండు బోరు ఉంది కాబట్టి తాతగారి రైఫిళ్లలో ఒక్కదానికే చోటుంది. అందుకే ఈ తర్జనభర్జన!

.315 ఎందుకు పుట్టింది?

విదేశాల్లో వేట రైఫిలు కొనాలంటే దుకాణంలో పాతిక రకాలు చూపిస్తారు. మనదగ్గర బోల్టు రైఫిలు అంటే మొదట గుర్తొచ్చేది .315. దీని వెనకో కథ ఉంది.

బ్రిటిష్‌ సైన్యం వాడిన రైఫిలు .303 లీ-ఎన్‌ఫీల్డ్‌. సైన్యం తూటాలు జనం చేతికి చేరతాయేమోనని తెల్లదొరల భయం. అందుకే ఆ బోరును పౌరులకు నిషేధించారు. వేటగాళ్లకీ, ఎస్టేటు దొరలకీ మరో బోరు కావాల్సి వచ్చింది. అలా లీ-ఎన్‌ఫీల్డ్‌ తరహా బోల్టుకే ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టం బిగించి .315 తెచ్చారు. సైన్యం తూటా ఇందులో పట్టదు, దీని తూటా సైన్యానికి పనికిరాదు.

ఆ భయం ఎంత నిజమైందో భీమవరం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2022 జులై 4న ఇక్కడ ఆవిష్కరించిన 30 అడుగుల కంచు విగ్రహం అల్లూరి సీతారామరాజుది. ఆయన పూర్వీకుల ఊరు మోగల్లు ఈ పట్టణానికి దగ్గర్లోనే ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్‌స్టేషన్ల మీద వరుసగా దాడిచేసి అల్లూరి దళం పట్టుకెళ్లింది డబ్బు కాదు, తుపాకులూ తూటాలే. తూటా లేని తుపాకీ కర్రతో సమానమని పాలకులకీ తెలుసు, పోరాడేవాళ్లకీ తెలుసు.

బెంగాల్లోని ఇషాపూర్‌ రైఫిల్‌ ఫ్యాక్టరీ 1904లో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక .315 స్పోర్టింగ్‌ రైఫిలుకి అదే పుట్టిల్లయింది. అక్కడే .30-06 రైఫిలూ తయారవుతోంది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్‌ ఫ్యాక్టరీల బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశారు. ఇప్పుడు ఇషాపూర్‌ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్‌ వెపన్స్‌ అండ్‌ ఎక్విప్‌మెంట్‌ ఇండియా లిమిటెడ్‌ కిందికి వస్తుంది.

వించెస్టర్‌ సంగతేంటి?

.30-06లో 06 అంటే 1906. ఆ ఏడాది అమెరికా సైన్యం స్వీకరించిన తూటా ఇది. దీనికోసం వచ్చిన వేట రైఫిళ్లలో 1936 నాటి వించెస్టర్‌ మోడల్‌ 70, 1962 నాటి రెమింగ్టన్‌ మోడల్‌ 700 బాగా పేరుపడ్డాయి. మనదేశంలో మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే వీలు 1980ల తర్వాత లేకుండా పోయింది. అంతకుముందు వచ్చినవే చేతులు మారుతుంటాయి. అందుకే వాటికి అంత ధర, అంత మోజు!

రెండింటికీ తేడా ఎక్కడ?

బోల్టు: గొట్టం వెనక తలుపు గడియలా తిరిగేదే బోల్టు. .315లో గడియ కొక్కేలు బోల్టు వెనక భాగంలో ఉంటాయి. పిడి కాస్త ఎత్తితే చాలు, తెరుచుకుంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు చకచకా తిప్పేస్తారు. మోడల్‌ 70 లాంటివి జర్మన్‌ మౌజర్‌ బాటలో నడిచాయి. వాటి కొక్కేలు ముందు భాగంలో, తూటాకి దగ్గరగా ఉంటాయి. పిడి ఎక్కువ ఎత్తాలి కానీ పట్టు గట్టిది. ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది.

తూటా: .315 గుండు బరువైంది, సుమారు 16 గ్రాములు. వేగం తక్కువ. .30-06 గుండు సాధారణంగా 10 నుంచి 12 గ్రాములు. సెకనుకి 800 మీటర్లకు పైగా దూసుకెళ్తుంది. దూరంలో ఉన్న గురికి రెండోదే మేలు. వంద మీటర్లలోపు తుప్పల్లో పనికి మొదటిది చాలు.

అంచు: .315 తూటా అడుగున పళ్లెంలా అంచు ఉంటుంది. మేగజైన్లో పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండాలి. తిరగబడితే రెండూ పట్టేసుకుని బోల్టు కదలదు. .30-06కి ఆ తంటా లేదు.

ఇంతవరకూ వింటే కొడుకు మాటే నెగ్గేలా ఉంది కదూ! కాస్త ఆగండి.

ఆ గుండు ఎక్కడ ఆగుతుంది?

రైఫిలు ఎంచుకునేటప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. గురి తప్పినా, గురిని చీల్చుకుని పోయినా గుండు ఎక్కడో ఓచోట ఆగాలి. కొండ ప్రాంతంలో వెనక గట్టు ఉంటుంది. డెల్టాలో ఏముంది? కనుచూపుమేర వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరిచెట్లు, వాటి మధ్య ఇళ్లు. రొయ్యల చెరువు గట్టుమీద రాత్రిపూట కూడా కాపలా మనిషి ఉంటాడు.

పన్నెండు బోరు తుపాకీలోని సన్నపిల్లలు రెండు మూడు వందల మీటర్లలో నేలరాలిపోతాయి. చిన్నదనుకునే .22 గుండు సైతం కిలోమీటరు దాటిపోగలదు. .30-06 గుండు మూడు కిలోమీటర్ల అవతల కూడా మనిషిని గాయపరచగలదు. పైగా తక్కువ కోణంలో నీటిని తాకిన గుండు మునగదు. పిల్లలు చెరువులో విసిరిన పెంకులా ఎగిరి పక్కదారి పడుతుంది. ఊరినిండా చెరువులున్న చోట దీన్ని మర్చిపోతే ఎంత ప్రమాదం!

డెల్టా పెద్దలకి ఇది తెలియక కాదు. కొల్లేరు బాతుల వేటకి వాళ్లు పట్టుకెళ్లింది జంటగొట్టాల తుపాకీయే. రైఫిలు ఏజెన్సీ కొండలకు వెళ్లేటప్పుడే పెట్టెలోంచి బయటికి వచ్చేది. అంటే బలమైన రైఫిలు అనేది ఈ నేలకు సంబంధించినంతవరకు గొప్ప కాదు, అదనపు బరువు.

మరి వేట?

అదీ లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అప్పటికి కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడే వీలుండేది. 1991 సవరణ ఆ తలుపు కూడా మూసేసింది. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్‌ చిత్తడి నేలల జాబితాలో చేరింది. చెరువులో చేపలు తింటున్నాయని నీటికాకుల మీద తుపాకీ ఎత్తినా నేరమే. వాటికి వలలూ, తీగలూ, టపాకాయల చప్పుళ్లే మందు.

‘పంటల మీద పడే పందుల మాటేంటి?’ అని జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం వైపు మెట్టరైతులు అడగొచ్చు. అడవిపంది కూడా రక్షిత జంతువే. పంటనష్టం తీవ్రంగా ఉన్నప్పుడు చట్టంలోని 11వ సెక్షన్‌ కింద అటవీశాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే కాల్చాలి. తుపాకీ లైసెన్సు వేరు, ఆ అనుమతి వేరు. మొదటిది ఉంది కదాని రెండోది లేకుండా పేలిస్తే కేసే!

చేతిలోకి తీసుకుని చూస్తే...

ఇదంతా తెలిశాక కూడా కుటుంబం గుర్తుగా ఒక రైఫిలు ఉంచుకోవాలనుకుంటే, పేరు చూసి కాదు, పరీక్షించి ఎంచుకోవాలి.

ముందు ఖాళీగా ఉందో లేదో చూడాలి. బోల్టు తెరిచి, మేగజైన్‌ తీసి, తూటా గదిలో కంటితో చూసి, వేలితో తడమాలి. ‘ఖాళీదేలే’ అన్న మాటను ఎవరు చెప్పినా నమ్మకూడదు.

బోల్టు మీది నంబరూ, రైఫిలు మీది నంబరూ ఒకటేనా? ముఖ్యంగా .315 విషయంలో ఇది చూడాలి. ఒకదాని బోల్టు మరోదానికి దూరినా తూటా వెనక సందు తేడా వస్తుంది. పేలినప్పుడు తూటా గొట్టం చిట్లే ప్రమాదముంది.

బోల్టు తీసేసి గొట్టంలోంచి వెలుతురు వైపు చూడాలి. లోపలి మెలికల గాళ్లు మెరుస్తూ కనపడాలి. నల్లటి గుంటలుంటే తుప్పు తినేసినట్టే. సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో నూనె గుడ్డ తగలకుండా ఒక్క వర్షాకాలం గడిచినా చాలు, ఇనుము పాడవుతుంది. తేమకి చెక్క ఉబ్బితే గురి కూడా పక్కకి జరుగుతుంది.

భుజానికి ఆనించినప్పుడు మెడ సాచకుండా గురి కనపడాలి. ఆరడుగుల తాతగారికి అమరిన చెక్క మనవడికి అమరాలనేం లేదు. అలాగని ఇంట్లోనే రంపం పెట్టి గొట్టం కోస్తే అది మరో నేరం. ఏ మరమ్మతైనా లైసెన్సున్న పనివాడే చెయ్యాలి.

చివరిది, చాలామంది మర్చిపోయేది... తూటాలు. ఆ బోరు తూటాలు దొరుకుతాయా అని డీలర్ని ముందే అడగాలి. విడిభాగం విరిగితే ఎక్కడ దొరుకుతుందో కూడా అడగాలి. ఈ లెక్కన దేశంలోనే తయారయ్యే .315కి ఉన్న సౌకర్యం ఏనాటి విదేశీ రైఫిలుకో ఉండదు.

గడియ వేరు, తుపాకీ వేరు

బోల్టు రైఫిలుకి ఓ మంచి గుణముంది. బోల్టు బయటికి తీసేస్తే అది ఉత్త ఇనుప గొట్టమే. రైఫిలు ఓచోట, బోల్టు మరోచోట, తూటాలు ఇంకోచోట తాళం వేసి ఉంచితే పిల్లలున్న ఇంట్లోనూ నిద్రపడుతుంది. తాళంచెవులు దేవుడి గూట్లో పెడితే మాత్రం ఫలితం లేదు. పిల్లలు ముందు వెతికేది అక్కడే!

కోడలి ప్రశ్నే మొదటిది

ఇప్పుడు మళ్లీ మండువా లోగిలికి వద్దాం. కొడుకన్నట్టు వించెస్టర్‌ బలమైందే. కానీ ఆ బలానికి డెల్టాలో పనిలేదు. తాతగారన్నట్టు .315 నమ్మకమైందే. నంబర్లు కలిసి, గొట్టం శుభ్రంగా ఉంటే రెండింట్లో ఉంచుకోదగ్గది అదే. అయితే దాన్ని ఏటా రెండుమూడుసార్లయినా విప్పి తుడిచే మనిషి ఇంట్లో ఉండాలి. లైసెన్సు గడువు గుర్తుపెట్టుకునే మనిషి ఉండాలి. ఎన్నికల కోడ్‌ వచ్చినప్పుడు పోలీసులు అడిగితే అప్పగించి, మళ్లీ తెచ్చుకునే ఓపికుండాలి.

అలాంటి మనిషి లేకపోతే? కోడలి మాటే సరైంది. డీలరు దగ్గరో, పోలీస్‌స్టేషన్లోనో చట్టప్రకారం అప్పగించి రసీదు తీసుకోవడం తాతగారికి అవమానమేం కాదు. నలభై ఏళ్లు ఏ ప్రమాదమూ జరక్కుండా కాపాడిన తుపాకీని అంతే భద్రంగా సాగనంపినట్టు. తాతగారి వేట కథలకి ఎటూ లైసెన్సు అక్కర్లేదు. వాటిని మనవలు ఎన్నిసార్లయినా వినొచ్చు!

ఇవి గుర్తుంచుకోండి

* పెళ్లిళ్లు, జాతరలు, పండుగల్లో సరదాకి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్లదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. 2019 సవరణలో ఇది చేరింది.

* లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని వారసులు ఇంట్లో అట్టేపెట్టుకోకూడదు. వెంటనే పోలీస్‌స్టేషన్లోనో, డీలరు దగ్గరో జమచేసి, ఆ తర్వాతే దరఖాస్తు చేసుకోవాలి.

* పిల్లలకు గురి మీద ఆసక్తి ఉంటే తాతగారి రైఫిలు కాదు, షూటింగ్‌ రేంజిలో కోచ్‌ దగ్గర ఎయిర్‌ రైఫిలు పట్టించండి. హైదరాబాదీ గగన్‌ నారంగ్‌ 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్‌ రైఫిల్‌ పోటీలోనే.