తాతయ్య అంబాసిడర్‌లో తుప్పు నీళ్లు

మా ఇంట్లో 1988 నాటి అంబాసిడర్ కారు ఉంది. రాజమండ్రిలో తాతయ్య కొన్నది. ఆయన తర్వాత నాన్నకి ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి అదీ మాతో వస్తోంది. నాకు స్కూళ్లు మారాయి, స్నేహితులు మారారు, కారు మాత్రం మారలేదు. కిందటి మే నెలలో జోధ్‌పూర్ నుంచి పాలీ వెళ్లే దారిలో అది ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. "ఇక పాత ఇనుముకి ఇచ్చేద్దాం" అన్నారు నాన్న. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

ముందు రోడ్డు మీద జరిగింది చెప్పాలి. దాబా అబ్బాయి బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. నాన్న రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతుంటే ఒక లారీ డ్రైవర్ పరుగున వచ్చి ఆపాడు. ఆ మూతలో స్ప్రింగు ఉంటుంది. అది ప్రెషర్ కుక్కర్ లాగా లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, నీరంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కాలిపోతున్న పోత ఇనుము మీద చన్నీళ్లు పోసినా ప్రమాదమే, ఇంజిన్ బీటలు వారవచ్చు. అందుకే గంటసేపు వేపచెట్టు కింద కూర్చున్నాం. ఇది చదివిన వాళ్లు మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

మర్నాడు కారుని ఒక ముసలి మెకానిక్ దగ్గరికి లాగించాం. అందరూ ఆయన్ని ఉస్తాద్‌జీ అంటారు. చల్లారిన ఇంజిన్ మూత తీసి, వేలు ముంచి నాకు చూపించారు. వేలికి ఇటుక రంగు బురద అంటుకుంది. "ముసలితనం కాదు, మీరు పోసిన నీళ్లే దీని జబ్బు" అన్నారు.

ఇంజిన్‌లో మండే పెట్రోలు వేడిలో సుమారు నాలుగో వంతే చక్రాలను తిప్పుతుంది. మిగిలిన వేడిలో కొంత పొగతో పోతుంది, కొంత సిలిండర్ల చుట్టూ ఉన్న కాలువల్లోని నీటికి చేరుతుంది. పంపు ఆ నీటిని రేడియేటర్‌కి తోస్తుంది. అక్కడ సన్నని గొట్టాల గుండా దిగుతూ గాలికి చల్లబడి, నీరు మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. అంబాసిడర్‌లో ఆ 1489 సీసీ ఇంజిన్ దిమ్మ, దాని పైభాగం రెండూ పోత ఇనుమే. రేడియేటర్ రాగి, ఇత్తడి. పదో తరగతిలో చదివిన చర్యాశీలత శ్రేణి గుర్తుందా? ఇనుము రాగి కంటే పైన ఉంటుంది. రెండు లోహాలనీ లవణాలున్న ఒకే నీరు తడుపుతుంటే ల్యాబ్‌లోని ఘటం లాంటిది కొంత తయారవుతుంది, అరిగేది ఇనుమే. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎలాగూ తుప్పు పట్టిస్తుంది. దానికి తోడు మా క్వార్టర్ల బోరు నీళ్లు చాలా కఠిన జలం. అమ్మ నీళ్లు కాచే గిన్నెకి పట్టే తెల్లటి పొరే ఇంజిన్ లోపలా పట్టింది. ఆ పొర వేడిని సరిగా పోనివ్వదు. లోపల ఇనుము కాలుతుంటుంది, పక్కనే ఉన్న నీటికి ఆ వేడి అందదు.

మరమ్మతుకి నాలుగు ఆదివారాలు పట్టింది. కింద కుళాయి తిప్పితే చుక్క కూడా రాలేదు. తీగతో పొడిచాక ముద్దలు ముద్దలుగా దిగింది. తర్వాత థర్మోస్టాట్ ఉండాల్సిన చోటు విప్పితే అది ఖాళీ! లోపలి మైనం వేడికి కరిగి వ్యాకోచించి, సుమారు 80 డిగ్రీల దగ్గర దారి తెరిచే చిన్న కవాటం అది. ఎప్పుడో ఎవరో, బండి వేడెక్కుతోందని దాన్నే పీకేశారు. జ్వరం వస్తే థర్మామీటర్ పారేసినట్టు ఉందని అమ్మ నవ్వింది. సరైన పోలిక కాదు కానీ నాకు నచ్చింది.

తర్వాత నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి, ఇంజిన్‌ని కాసేపు నడిపాం. ఆమ్లం తెల్లపొరతో కలిసి కార్బన్ డయాక్సైడ్ బుడగలు తెచ్చింది, తుప్పునీ కరిగించింది. అంతలో ఇంజిన్ పక్క నుంచి సన్నటి ధార! నేను ఏదో చెడగొట్టాననుకుని బిక్కచచ్చిపోయాను. ఉస్తాద్‌జీ మాత్రం సంతోషించారు. ఇంజిన్ దిమ్మకి కోర్ ప్లగ్‌లని గుండ్రటి రేకు మూతలుంటాయి. ఒక మూత ఎప్పుడో చిల్లుపడింది, ఆ చిల్లుని ఇన్నాళ్లూ తుప్పే మూసి ఉంచింది. ఇప్పుడు బయటపడకపోతే ఏ ఎడారి రోడ్డు మీదో బయటపడేది.

అన్ని మూతలూ ఊడదీశాం. చివరి సిలిండర్ వెనక పేరుకున్న బురదని నేను తీగతో గోకి తీశాను, రెండు డబ్బాలు నిండాయి. గొట్టంతో నీళ్లు పట్టి, వంటసోడా నీళ్లతో మిగిలిన ఆమ్లాన్ని తటస్థం చేసి, మళ్లీ కడిగి, ఇత్తడి మూతలు బిగించారు. రేడియేటర్ వంతు ఆఖర్న వచ్చింది. దాన్నే ముందు బాగుచేస్తే ఇంజిన్‌లోని బురద మళ్లీ దాంట్లోకే పోతుంది కదా! రేడియేటర్ల కొట్లో పై తొట్టి టంకం కరిగించి విప్పి, ఒక్కో గొట్టంలో సన్నటి కడ్డీ దూర్చి అడ్డు తీసి, మళ్లీ టంకం వేశారు. గాలి నింపి నీళ్లలో ముంచి, బుడగలు రావట్లేదని చూపించాకే డబ్బులు అడిగారు.

కొత్త థర్మోస్టాట్ పెట్టి, ఈసారి డిస్టిల్డ్ వాటర్‌లో ఆకుపచ్చ కూలెంట్ కలిపి పోశాం. జోధ్‌పూర్‌లో నీరు గడ్డకట్టదు కదా, ఇదెందుకు అని అడిగాను. అందులోని తుప్పు నిరోధకాల కోసమట. అవి కొన్నేళ్లకి ఖర్చయిపోతాయి కాబట్టి కూలెంట్ మార్చుతూ ఉండాలి. ఒక జాగ్రత్త: దానిలోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కాలనీ కుక్క నాకకుండా కింద ఒలికిన చుక్కలన్నీ నేనే తుడిచాను.

జూన్‌లో మళ్లీ పాలీ వెళ్లాం. వెళ్లినంతసేపూ నేను ఉష్ణోగ్రత ముల్లునే చూస్తూ కూర్చున్నాను, అది మధ్యలోంచి కదల్లేదు. వేపచెట్టు దగ్గర ఆగి టీ తాగాం. పాత ఇనుము మాట నాన్న మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మళ్లీ బదిలీ ఆర్డరు వచ్చింది. కారు లారీలో వస్తుంది. బానెట్ లోపల అమ్మ తెలుగులోనూ హిందీలోనూ రాసి అంటించిన కాగితం ఉంది: "ఇందులో బోరు నీళ్లు పోయవద్దు."