న్యూస్‌రూమ్ దాకా దారిఖర్చు ఎవరిస్తారు?

హాస్టల్లో ఉండి జర్నలిజం చదువుకునే ఎస్సీ విద్యార్థికి కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద వచ్చే భత్యం ఏడాదికి 9,500 రూపాయలు. ఇంటి నుంచి వెళ్లొచ్చే వాళ్లకు 6,500. 2021 మార్గదర్శకాల్లో కోర్సులను నాలుగు గ్రూపులు చేశారు. మెడిసిన్, ఇంజనీరింగ్ లాంటి డిగ్రీలు మొదటి గ్రూపులో ఉన్నాయి, అక్కడ హాస్టల్ విద్యార్థికి 13,500. మాస్ కమ్యూనికేషన్‌ను రెండో గ్రూపులో పెట్టారు. రాష్ట్రం సొంత నిధులతో మెస్ చార్జీలు కలిపి ఇస్తే అది వేరు సంగతి. కేంద్రం లెక్క మాత్రం నెలకు ఎనిమిది వందలు కూడా కాదు.

ఈ గ్రూపుల విభజన వెనక ఒక అపోహ ఉంది. ఖరీదైన చదువంటే ల్యాబులు, పరికరాలు ఉండే చదువేనని. ఇంజనీరింగ్ విద్యార్థికి ల్యాబ్ కాలేజీలోనే ఉంటుంది. జర్నలిజం విద్యార్థి ల్యాబ్ ఊళ్లో ఉంటుంది, పోలీస్ స్టేషన్ ముందు ఉంటుంది, ప్రభుత్వాసుపత్రి వరండాలో ఉంటుంది. అక్కడికి బస్సు చార్జీ, ఫోన్‌లో డేటా, వీడియో తీయగలిగే ఫోన్, ఒక పూట భోజనం అన్నీ సొంత జేబులోంచే. శ్మశాన స్థలం గొడవ జరిగిన ఊరికి మూడుసార్లు వెళ్తే తప్ప ఒక కథనం తయారు కాదు. నెల భత్యం ఆ మూడు ప్రయాణాలకే సరి. అందుకే డబ్బున్న పిల్లలు ఫీల్డుకు వెళ్తారు, లేని పిల్లలు లైబ్రరీలో కూర్చుని ప్రెస్ నోట్లు తిరగరాస్తారు. కోర్సు పూర్తయ్యేసరికి ఒకరి చేతిలో పది బైలైన్లు, ఇంకొకరి చేతిలో మార్కుల మెమో ఉంటాయి.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న అంబేడ్కర్ 1942లో షెడ్యూల్డు కులాల సమస్యలపై ఇచ్చిన వినతిపత్రానికీ దీనికీ నేరుగా సంబంధం ఉంది. ఇన్ని దశాబ్దాలు నడిచిన పథకంలో నిధుల వాటా ఎవరిదన్న తగువు మాత్రం తెగలేదు. 2017-18 నుంచి 2019-20 దాకా కేంద్రం ఇచ్చింది ఏడాదికి సుమారు 1,100 కోట్లే. విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు గట్టిగా పట్టుబట్టాక 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు మొత్తం 59,048 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో 60 శాతం కేంద్రానిది, మిగిలింది రాష్ట్రాలది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది, కానీ రాష్ట్రం తన వాటా విడుదల చేశాకే. చిక్కంతా ఇక్కడే ఉంది. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండూ ఆగుతాయి. ఈలోగా కాలేజీ ఫీజు కట్టమంటుంది, కట్టకపోతే సర్టిఫికెట్ ఆపుతుంది. ఇంటర్న్‌షిప్‌కు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే సమయంలోనే ఆ సర్టిఫికెట్ కావాలి.

స్కాలర్‌షిప్ ఆలస్యాన్ని కార్యాలయాల్లో జరిగే చిన్న జాప్యంగా చూసేవాళ్లకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని గుర్తుచేయాలి. 2016 జనవరిలో రోహిత్ వేముల రాసిన చివరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్, 1.75 లక్షల రూపాయలు తనకు రావాల్సి ఉందన్న లెక్క ఉంది.

ఇక న్యూస్‌రూముల సంగతి. 1996లో వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ ప్రతినిధి కెన్నెత్ కూపర్, తనే ఒక నల్లజాతి జర్నలిస్టు, ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలనుకున్నాడు. దొరకలేదు. ఆయన అడిగిన పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ అక్రెడిటేషన్ జాబితా ముందేసుకుని వెతికి, ఒక్కరూ కనబడలేదని ఆ ఏడాది నవంబరులో పయనీర్ పత్రికలో రాశాడు. పదేళ్ల తర్వాత, 2006లో, యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిష్ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కించారు. దళితులు సున్నా, ఆదివాసీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. దళితులు, ఆదివాసీలు మళ్లీ సున్నా.

ఈ అంకెలు ప్రతి సభలోనూ వింటాం. అయితే సున్నాను వివక్ష అన్న ఒక్క మాటతో వదిలేస్తే, అది ఎలా తయారవుతుందో కనబడదు. పెద్ద సంస్థల్లో ఉద్యోగాలు చాలావరకు నోటిఫికేషన్లతో రావు. ఇంటర్న్‌గా చేరినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పినవాళ్లు లోపలికి వెళ్తారు. ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు, ఉన్నా హైదరాబాద్‌లో గది అద్దెకు చాలదు. మండల స్థాయిలో మనవాళ్లు లేరని కాదు, చాలామంది ఉన్నారు. వాళ్లు రాసేది లైన్ అకౌంట్ మీద. పండగ వస్తే ప్రకటనలు తెమ్మంటారు. అక్రెడిటేషన్ కార్డు కోసం ఏళ్ల తరబడి తిరగాలి. అక్కడి నుంచి డెస్కుకు, డెస్కు నుంచి ఎడిటర్ గదికి మెట్లు వేయలేదు. విద్యార్థులకు సాయం చేయాలనుకునేవాళ్లు చూడాల్సింది ఈ మెట్లనే.

చదువుకునే దారులు లేకపోలేదు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. ఢిల్లీలోని ఐఐఎంసీలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి, ఫీజు మాత్రం లక్షల్లోకి వెళ్లింది. 2019 డిసెంబరులో అక్కడి విద్యార్థులు ఫీజుల పెంపు మీద ధర్నాకు కూర్చున్నది అందుకే. సీటు రిజర్వు చేసి ఫీజు రిజర్వు చేయకపోతే ఆ సీటు మిగిలిపోతుంది. చెన్నైలోని ఏసీజే ప్రైవేటు సంస్థే అయినా దళిత, ఆదివాసీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. మన దగ్గర పెద్ద దినపత్రికల సొంత జర్నలిజం స్కూళ్లు శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి. పేదింటి పిల్లలకు ఇది నిజంగా పెద్ద ఆసరా. అయితే అవి ప్రైవేటు సంస్థలు, రిజర్వేషన్ నిబంధన వర్తించదు. రాతపరీక్షలో ఇంగ్లిష్ నుంచి తెలుగు అనువాదం ఉంటుంది, ‘మంచి తెలుగు’ ఉంటుంది. ఆ మంచి తెలుగు ఎవరింట్లో మాట్లాడేదో అందరికీ తెలుసు. గురుకులంలో చదివి డిగ్రీకి వచ్చిన పిల్లలకు ఆ పరీక్ష కోసం ఆరు నెలల కోచింగ్ పెట్టడం ఏ సంఘమైనా చేయగల పని. గ్రూప్స్‌కు పెడుతున్నాం, దీనికి పెట్టం.

ఇలాంటి పని వేరేచోట జరిగింది. 1967 అల్లర్ల తర్వాత అమెరికా ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్, మీడియాలో నల్లజాతి వాళ్లు ఐదు శాతం కన్నా తక్కువని 1968లో తేల్చింది. అదే ఏడాది కొలంబియా యూనివర్సిటీ, మన అంబేడ్కర్ చదివిన కొలంబియానే, మైనారిటీ యువతకు జర్నలిజంలో వేసవి శిక్షణ మొదలుపెట్టింది. అందులో గమనించాల్సింది శిక్షణ తర్వాతి సంగతి. చేరినవాళ్ల కోసం పత్రికలు, టీవీ స్టేషన్లు ముందే ఉద్యోగాలు అట్టిపెట్టాయి. స్కాలర్‌షిప్ ఇచ్చి నడిరోడ్డు మీద వదిలేయలేదు. 1978లో ఎడిటర్ల సంఘం ఒక లక్ష్యం పెట్టుకుని, ఏటా న్యూస్‌రూముల్లో లెక్కలు తీయడం మొదలుపెట్టింది. లక్ష్యం నెరవేరలేదు. కానీ లెక్క తీయబట్టే నెరవేరలేదని తెలిసింది. మన మీడియా యాజమాన్యాలు ఆ లెక్కకే ఒప్పుకోవడం లేదు.

డిగ్రీతో పని లేని దారులూ ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, కెమెరా పట్టడం నేర్చుకుని తమ పంటల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపిందీ దళిత మహిళలే. ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో పుట్టిన ఖబర్ లహరియా మహిళల అక్షరాస్యత కార్యక్రమంలోంచి వచ్చింది. వాళ్ల మీద తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఈ రెండు చోట్లా శిక్షణ వాళ్ల ఊళ్లోకే వచ్చింది, వాళ్ల భాషలో జరిగింది, నేర్చుకున్నది చూపించడానికి వేదిక అప్పటికే సిద్ధంగా ఉంది.

వేదిక లేకపోతే ఏమవుతుందో అంబేడ్కర్ అనుభవమే చెబుతుంది. ఆయన స్కాలర్‌షిప్ విద్యార్థి. బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతో 1913లో కొలంబియాకు వెళ్లాడు. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ మొదలైనప్పుడు సాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చాడు. డబ్బిస్తామన్నా ‘కేసరి’ ఆ పత్రిక ప్రకటన వేయలేదు. అదే ఏడాది అంబేడ్కర్ ఆగిపోయిన చదువు పూర్తిచేయడానికి లండన్ వెళ్లాడు. ఆయన లేకుండా పత్రిక ఎక్కువ కాలం నిలబడలేదు. ఒక మనిషిని చదివించడం, ఆ మనిషి లేనప్పుడూ నడిచే పత్రికను నిలబెట్టడం వేర్వేరు ఖర్చులు. మన సంఘాలు మొదటిదానికి చందాలు వేస్తాయి, రెండోదాన్ని మరిచిపోతాయి.

చిన్న నిధి ఉన్నవాళ్లు కూడా చేయగలిగేవి ఉన్నాయి. సన్మానం చేసి శాలువా, చెక్కు ఇచ్చే బదులు ఒక్కో కథనానికి ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. ప్రభుత్వ డబ్బు వచ్చేదాకా మూడు నెలల అద్దె అప్పుగా ఇచ్చి, వచ్చాక తీసుకోవాలి. రాసినదాన్ని వాక్యం వాక్యం దిద్దే సీనియర్‌ను జతచేయాలి. ఫోన్ మీద కేసు పెడతామని బెదిరింపు వస్తే వెంటనే మాట్లాడే వకీలు నంబరు ఇవ్వాలి. ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. దళిత విద్యార్థికి ఫెలోషిప్ ఇచ్చి దళిత వార్తలే రాయమనడం కూడా ఒక రకం వెలివాడే. బడ్జెట్ రాయనివ్వండి, క్రికెట్ రాయనివ్వండి, సుప్రీంకోర్టు రాయనివ్వండి.

ఈ ఏడాది దరఖాస్తు చేసే విద్యార్థులు కుటుంబ ఆదాయం 2.5 లక్షల పరిమితిలో ఉన్నట్టు ధ్రువపత్రం ముందే తీసుకోవాలి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమైందో లేదో చూసుకోవాలి, కేంద్రం వాటా ఆ ఖాతాలోనే పడుతుంది. డబ్బు ఆగితే సాంఘిక సంక్షేమ శాఖకు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ కాలేజీలో ఎందరి దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయి, రాష్ట్రం తన వాటా ఏ తేదీన విడుదల చేసింది, కేంద్రానికి వివరాలు ఏ తేదీన పంపింది, ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబును వార్తగా రాసి మీ కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టండి, జిల్లా పత్రికలకూ పంపండి.