ర్యాంకు వచ్చింది సరే, లెక్కలు వచ్చాయా?



ఇంటర్‌లో లెక్కలకు బోలెడు మార్కులు, ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు, కోరుకున్న కాలేజీలో సీటు. చుట్టుపక్కల వాళ్లందరికీ మిఠాయిలు పంచిపెడతాం. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ పిల్లవాడే మొదటి సెమిస్టరు లెక్కల పేపరు తప్పి, ఆ మాట ఇంట్లో చెప్పలేక లోలోపల కుమిలిపోతుంటాడు. “కాలేజీకెళ్లి చెడిపోయాడు, ఎప్పుడు చూసినా ఫోనే” అని మనం కేకలేస్తాం. ఒక్కొక్క ఇంట్లో అదీ నిజమే కావచ్చు. కానీ చాలామంది విషయంలో అసలు కారణం వేరే ఉంటుంది. అదేమిటో ఈవేళ చెప్పుకుందాం.

ఇంజనీరింగు మొదటి ఏడాది లెక్కల్లో పెద్దపీట కాలిక్యులస్‌ది. తెలుగులో కలన గణితం అంటారు. పేరు వినగానే బెదిరిపోకండి. దాని సారమంతా మన ఇంటి కరెంటు మీటర్లోనే ఉంది. ఫ్యాను ఒక్కటే తిరుగుతున్నప్పుడు మీటరు మీది చిన్న లైటు ఎప్పుడో ఒకసారి మెరుస్తుంది. గీజరు వేయగానే గబగబా మెరుస్తుంది. ఈ క్షణాన కరెంటు ఎంత వేగంగా ఖర్చవుతోందో చెప్పడం డిఫరెన్షియేషన్. నెల పొడుగునా ఎక్కువా తక్కువగా అయిన ఆ ఖర్చునంతా కూడి ఇన్ని యూనిట్లని తేల్చడం ఇంటిగ్రేషన్. 2000 వాట్ల గీజరు అరగంట వెలిగితే ఒక యూనిట్ అని మనం నోటిలెక్కతో చెప్పేయగలం. ఖర్చు ఒకే తీరున ఉంటే గుణకారం చాలు. క్షణక్షణం మారుతుంటేనే కాలిక్యులస్ కావాలి. ఇంజనీరు చూసేవన్నీ ఇలా మారేవే గదా! గొట్టంలో నీళ్లు, తీగలో కరెంటు, యంత్రంలో వేడి, అన్నీ అంతే.

“మరి ఇదంతా ఇంటర్‌లో చదివే వెళ్లారు గదా?” అని మీరడగవచ్చు. చదివారు. ఎలా చదివారన్నదే ప్రశ్న. మనం ఎంసెట్ అని పిలవడానికి అలవాటుపడిన పరీక్షకు ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచీ, తెలంగాణలో 2024 నుంచీ ఈఏపీసెట్ అని పేరు. ఇంజనీరింగు వాళ్లకు అందులో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. సగం ప్రశ్నలు, అంటే 80, లెక్కలవే. ప్రశ్నకు నిమిషం పైచిల్లర మాత్రమే దక్కుతుంది. అందుకని పిల్లలకు ఒడుపులు నేర్పుతారు. ఇంటిగ్రేషన్ చేయమంటే, చేయకుండానే ఇచ్చిన నాలుగు జవాబుల్నీ డిఫరెన్షియేట్ చేసి, ఏది సరిపోతే దాన్ని గుర్తించవచ్చు. పరీక్షకది తెలివైన పనే, తప్పు పట్టను. కానీ ఇంజనీరింగు పేపర్లో నాలుగు జవాబులు ఎదురుగా ఉండవు. తెల్లకాగితం ఉంటుంది. మొదటి మెట్టు నుంచి తనే రాసుకుపోవాలి. పిల్లవాడు ఆగిపోయేది అక్కడే.

ఇంకో సంగతి. కాలిక్యులస్ తప్పులని మనం అనుకునేవి చాలావరకు హైస్కూలు తప్పులు. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని తొందరలో రాసేస్తారు. మీరే చూడండి: 3, 4 కలిపితే 7, దాని వర్గం 49. విడివిడిగా వర్గాలు చేసి కలిపితే 9, 16 కలిసి 25. ఎంత తేడా! భిన్నాలు, త్రికోణమితి సూత్రాలు, గ్రాఫు గీయడం, వీటిలో ఒక్కటి బలహీనంగా ఉన్నా పైన కట్టిందంతా ఊగుతుంది. తెలుగు మీడియం నుంచి వెళ్లిన పిల్లలకు పాఠం ఇంగ్లీషులో వినాల్సిన బరువు కూడా తోడవుతుంది. కాలేజీలో మేష్టరుగారు ఇవన్నీ వచ్చుననుకుని ముందుకు సాగిపోతారు.

మరి మనమేం చేయగలం? నాకు పదో తరగతితో చదువు ఆగిపోయింది. మీలోనూ నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు. లెక్క చెప్పలేకపోయినా చెప్పించుకోగలం గదా.

ప్రవేశ పరీక్ష అయ్యాక కాలేజీ తెరిచేలోపు వారాల కొద్దీ ఖాళీ దొరుకుతుంది. మొదట కొన్నాళ్లు పిల్లల్ని కడుపునిండా నిద్రపోనివ్వండి, రెండేళ్లు అలిసిపోయారు. తర్వాత రోజుకో అరగంట పాత పుస్తకాలు తీయించండి. తొమ్మిది, పది తరగతుల బీజగణితం, త్రికోణమితి ముందు. ఇంటర్ లెక్కలు ఆ తర్వాత. జవాబుల పట్టీ మూసేసి, ప్రతి మెట్టూ కాగితం మీద రాయమనండి.

రెండోది, మీరు కూరగాయలు తరుగుతూ “డిఫరెన్షియేషన్ అంటే ఏమిట్రా, సూత్రాలు లేకుండా తెలుగులో చెప్పు” అని అడగండి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి వచ్చినట్టే. తడబడితే, ఎక్కడ తడబడ్డాడో వాడికే తెలిసొస్తుంది. ఆడపిల్లయినా అంతే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. సెమిస్టరు మధ్య పరీక్షలో మార్కులు తగ్గితే కేకలేయకండి. ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో అడగండి. ఆ వారమే లెక్చరరు దగ్గరకు వెళ్లమనండి. ఒక పేపరు తప్పితే మళ్లీ రాసుకోవచ్చు. ఇంట్లో చెబితే అవమానమన్న భయం మనసులో పడిందంటే, పిల్లవాడు ఆ పేపరుతో పాటు మనకీ దూరమవుతాడు.

ర్యాంకు వచ్చిన రోజు ఎంత ఆప్యాయంగా పలకరించామో, మార్కులు తగ్గిన రోజూ అలాగే పలకరిద్దాం. సెలవు.