ఆన్‌లైన్ కారానికీ అడ్రసుండాలి!

వేసవి వస్తోందంటే చాలు... గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటింటా కారం పట్టించే హడావిడి. ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు కొంటారు. డాబా మీద ఆరబోస్తారు. తొడిమలు తీస్తారు. మరకు తీసుకెళ్లి, ఎదురుగా నిలబడి మరీ ఆడించుకొస్తారు. కాయ మనం ఏరుకున్నదే, మర మన కళ్ల ముందు తిరిగిందే. ఇక అనుమానానికి తావెక్కడ?

ఇప్పుడదే కారం ఫోన్‌లో ఆర్డరిస్తే గడపలోకొస్తోంది. నరసరావుపేటలోనో ఒంగోలులోనో ఓ గృహిణి పట్టించిన కారం, కలిపిన ఆవకాయ, దంచిన కరివేపాకు పొడి... హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కీ బెంగళూరు హాస్టల్‌కీ చేరిపోతున్నాయి. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లూ అడుగుతున్నారు. వాట్సప్‌లో పదిమందికి అమ్మడంతో మొదలై, వెబ్‌సైట్ పెట్టేదాకా వెళ్తున్నవారు ఎందరో! ఆడవాళ్లకు ఇంటిపట్టునే ఉపాధి. సంతోషించాల్సిన విషయమే.

చిక్కల్లా ఒక్కటే. కొనేవారు కాయను చూడరు. వాసన చూడరు. మర దగ్గర నిలబడరు. వాళ్లకు కనిపించేది ఫొటో, చేతికొచ్చేది ప్యాకెట్. ‘ఇంట్లో చేసిందే కదండీ, దీనికీ లైసెన్సా’ అని చాలామంది అడుగుతుంటారు. కావాల్సిందే. ఎందుకో తెలియాలంటే ఓ ఇరవయ్యేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఒక్క రంగు... వందల సరకులు

2003లో భారత్ నుంచి వెళ్లిన కారంలో ‘సుడాన్-1’ అనే రంగు ఉందని ఫ్రాన్స్ పట్టుకుంది. నూనెలు, మైనం, బూట్ల పాలిష్ లాంటివాటికి ఎర్రరంగు తెచ్చే రసాయనమది. తిండిలో వాడకూడదు. జంతువులపై చేసిన పరీక్షల్లో క్యాన్సర్ కణుతులు కనిపించడంతో ఆహారంలో నిషేధించారు. మరి కారంలోకి ఎలా వచ్చింది? తాలుకాయ, పాతబడి రంగు వెలసిన కాయ చౌక. దాన్ని పట్టించి కాస్త రంగు కలిపితే మేలురకం కారంలా మెరిసిపోతుంది. అంతే... దురాశ!

అసలు దెబ్బ 2005 ఫిబ్రవరిలో తగిలింది. 2002లో బ్రిటన్‌కు దిగుమతైన కారాన్ని అక్కడో కంపెనీ వూస్టర్ సాస్‌లో వాడింది. ఆ సాస్‌ను మరెన్నో కంపెనీలు కూరల్లో, సూపుల్లో, పిజ్జాల్లో కలిపాయి. కారంలో సుడాన్ ఉందని బయటపడేసరికి అది 400కు పైగా సరకుల్లోకి పాకిపోయింది. దుకాణాల అరల్లోంచి అన్నీ తీసేయాల్సి వచ్చింది. తప్పు చేసింది ఎవరో కొందరు. అనుమానం మాత్రం ఇండియా కారం మొత్తం మీద పడింది. ఆసియాలోనే పెద్ద మిరప మార్కెట్లలో ఒకటైన గుంటూరుకు అంతకన్నా నష్టం ఏముంటుంది?

అప్పట్నుంచీ కట్టుబాట్లు బిగిశాయి. ఎగుమతయ్యే కారానికి సుగంధద్రవ్యాల బోర్డు పరీక్షలు తప్పనిసరి చేసింది. గుంటూరులోనే బోర్డు ప్రయోగశాల వెలిసింది. టన్నులకొద్దీ పంపే వ్యాపారులు నేర్చుకున్న ఆ పాఠాన్ని ఇప్పుడు కిలోల్లో అమ్మే ఆన్‌లైన్ అమ్మకందార్లూ నేర్చుకోవాలి.

గ్లాసు నీళ్లు చాలవు!

కల్తీ కనిపెట్టడానికి ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. గ్లాసు నీళ్ల మీద చిటికెడు కారం చల్లాలి. రంగు కలిస్తే ఎర్రటి చారలు కిందికి దిగుతాయి. ఇటుకపొడి కలిస్తే అడుక్కి చేరుతుంది. మంచి పరీక్షే. కానీ సుడాన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి గ్లాసు నీళ్లకు అది దొరకదు. ప్రయోగశాలకు పంపాల్సిందే.

కంటికి కనిపించని శత్రువు ఇంకోటి ఉంది... అఫ్లాటాక్సిన్. కల్లంలో కాయ సరిగా ఎండకపోయినా, వానకు తడిసినా బూజు పడుతుంది. కొన్నిరకాల బూజు నుంచి పుట్టే విషమిది, కాలేయానికి చేటు. కాయను పొడి చేసినా, కూరలో ఉడికించినా పూర్తిగా పోదు. అందుకే నేలమీద కాకుండా పట్టాల మీద ఆరబెట్టమని, రాత్రిళ్లు మంచు పడకుండా కప్పమని నిపుణులు చెబుతారు. మన ఆహార ప్రమాణాల ప్రకారం కారంలో తేమ 11 శాతం మించకూడదు. బయటి రంగు అసలే కలపకూడదు.

కాబట్టి ఆన్‌లైన్ వ్యాపారం మర దగ్గర కాదు, కాయ కొనే దగ్గరే మొదలవుతుంది. ఎవరి దగ్గర కొన్నారు, ఏ రోజు కొన్నారు, కాయ ఎలా ఉంది... రాసిపెట్టుకోవాలి.

పద్నాలుగంకెల అడ్రసు

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. తిండి వస్తువు తయారుచేసి అమ్మేవారెవరైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు కావాలి. ఇంటి వంటగదిలో చేసినా సరే. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్ చాలు. టర్నోవరు పెరిగేకొద్దీ లైసెన్సు తీసుకోవాలి. వెబ్‌సైట్ ద్వారా అమ్మేవారికి ఈ-కామర్స్ నిబంధనలూ వర్తిస్తాయి. మీ వ్యాపారం ఏ కోవలోకి వస్తుందో జిల్లా ఆహార భద్రత అధికారులను ముందే అడిగి తెలుసుకోవడం మేలు. దరఖాస్తు కూడా ఆన్‌లైన్‌లోనే. నమోదైతే 14 అంకెల సంఖ్య ఇస్తారు. ప్యాకెట్ మీద ఉండాల్సిన అడ్రసుల్లో మొదటిది అదే.

ఇక లేబుల్. సరకు పేరు, అందులో ఏమేం కలిపారు, నికర బరువు, ఎంఆర్పీ, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, తయారీదారు పేరు, చిరునామా, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు... ఇవన్నీ ఉండాలి. కారంలో నూనె కలిపితే ఆ సంగతీ రాయాలి. అదీ 2 శాతానికి మించకూడదు. ప్యాకెట్ మీద రాస్తే సరిపోదండోయ్. బరువు, ధర, తయారీదారు వివరాల వంటివి వెబ్‌సైట్‌లోనూ కనిపించాలని తూనికలు, కొలతల నిబంధనలు 2018 నుంచీ చెబుతున్నాయి. కొనేముందే తెలియాలన్నది ఉద్దేశం.

ఆవకాయలో ఆవపిండి ఉందా?

ఇదేం ప్రశ్న అని నవ్వొస్తుంది మనకి. కానీ బ్రిటన్‌లో ఆవాలు అలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నాయి. లేబుల్ మీద స్పష్టంగా చెప్పకపోతే తప్పు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులూ అలాంటి జాబితాలో చేరాయి. అంటే నువ్వుల నూనెతో కలిపిన ఆవకాయ సీసా మీద ఆ మాట కనిపించాల్సిందే. మన దేశంలో వేరుశనగ, పాలు, గోధుమ లాంటివాటికి ఈ నియమం ఉంది. పల్లీ కారప్పొడి అమ్మేవారు మరవకూడదు. మనకు రుచినిచ్చేదే పడనివారికి ప్రాణం మీదికి తెస్తుంది మరి!

అమెరికాలో ఉన్న కూతురికి అమ్మ ఇంట్లో చేసిన పచ్చడిని కానుకగా పంపడం వేరు, డబ్బు తీసుకుని అమ్మడం వేరు. అమ్మకానికి పంపే తిండి విషయంలో తయారీ కేంద్రాన్ని అక్కడి ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేయడం, సరకు చేరకముందే సమాచారమివ్వడం లాంటి నియమాలున్నాయి. మన దగ్గర కూడా కారం ఎగుమతి చేసేవారు సుగంధద్రవ్యాల బోర్డులో నమోదు కావాలి. యూరప్ లెక్కలు మరీ కఠినం. మన దగ్గర కారంలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 30 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. అక్కడ 10 దాటితే సరకు తిరుగుటపాయే. 2024 ఏప్రిల్‌లో కొన్ని భారతీయ మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని హాంకాంగ్ అమ్మకాలు ఆపించింది. పేరున్న బ్రాండ్లకే తప్పలేదు.

బ్యాచ్ నంబరే బీమా

ఇన్ని నియమాల్లో చిన్నదిగా కనిపించి, ఆపదలో ఆదుకునేది బ్యాచ్ నంబరు. సోమవారం పట్టించిన 40 కిలోలకు ఒక నంబరు, గురువారం పట్టించిన దానికి ఇంకో నంబరు. ఏ నంబరు ఎవరెవరికి వెళ్లిందో నోట్‌బుక్‌లో రాస్తే చాలు. రేపు ఒక ప్యాకెట్‌లో బూజు వచ్చిందని ఫోనొచ్చిందనుకోండి. నంబరుంటే ఆ 40 కిలోలు తీసుకున్నవారికే చెప్పి వెనక్కి తెప్పించొచ్చు. లేదంటే ఆ సీజన్‌లో అమ్మినదంతా అనుమానమే. బ్రిటన్‌లో జరిగింది చూశాంగా... సరకు ఎక్కడెక్కడికి పాకిందో వెతకడమే పెద్ద పనైంది.

కొనేవారూ... ఇవి చూడండి!

* వెబ్‌సైట్‌లో 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ సంఖ్య, తయారీదారు చిరునామా ఉన్నాయా?

* ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు, తేదీలు చెరగకుండా ఉన్నాయా? ఈ-కామర్స్ సంస్థలు చేరవేసే తిండికి కనీసం 30 శాతం గడువో, 45 రోజులో మిగిలి ఉండాలని 2024లో ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది.

* రంగు మరీ మెరిసిపోతుంటే మురిసిపోకండి. రంగుకు, ఘాటుకు సంబంధం లేదు.

* తేడా వస్తే ముందు అమ్మినవారికి చెప్పండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

మర దగ్గర నిలబడి ఆడించుకున్న కారానికి మన కళ్లే సాక్ష్యం. ఆన్‌లైన్ కారానికి ఆ సాక్ష్యం లేబులే చెప్పాలి. నాలుగు అక్షరాలు నిజాయతీగా రాసి అంటిస్తే... గుంటూరు ఘాటు ఏ దేశమైనా తలెత్తుకుని వెళ్తుంది!